టాపు లేని కారుకి సీలింగ్

(తిరుపతి, కొర్లగుంట. పోర్టికోలో ఒక ఆమ్నీ ఇంజిను, ఇనప గొట్టాలతో వెల్డింగ్ చేసిన చాసీ, పది ఫైబర్ ముక్కలు కలిసి కారు అవుదామని చూస్తున్నాయి. మునిరత్నం దాని కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. కస్తూరి ఆ కాళ్ళతోనే మాట్లాడుతోంది.)

కస్తూరి: ఏమండీ, ఫ్రిజ్జులో పెరుగు గిన్నె పక్కన ఆ ట్యూబు ఏంది?

మునిరత్నం: పీయూ సీలెంటు. తాకబాకు. మూత తీస్తే గాల్లో తేమకే గట్టిపడిపోతుంది.

కస్తూరి: మీ అమ్మ దాన్ని క్రీమనుకుని మడమల పగుళ్ళకు పూసుకోబోయింది.

మునిరత్నం: పూసుకుని ఉంటే పగుళ్ళు పూడేవే. చెప్పులు మాత్రం ఇంక ఊడేవి కావు.

కస్తూరి: ఇంతకీ అది దేనికి?

మునిరత్నం: బాడీ ముక్కల మధ్య సందులు మూసేదానికి. లేకపోతే నీళ్ళు లోపలికొస్తాయి.

కస్తూరి: (పైకి చూసి) దీనికి టాపు ఏదీ?

మునిరత్నం: ఉండదు. ఈ మోడలే అంత.

కస్తూరి: తలుపులు?

మునిరత్నం: అవీ ఉండవు.

కస్తూరి: అంటే వాన నెత్తిన పడితే పరవాలేదు, సందులో నుంచి మాత్రం రాకూడదు!

మునిరత్నం: (దేక్కుంటూ బయటికొచ్చి) పైనుంచి పడేది వేరే. చక్రం ఎగజిమ్మే బురద నీళ్ళు ఏ చిన్న సందున్నా దూరతాయి. అయినా అసలు సంగతి అది కాదు. ఇంజినుకీ మన కాళ్ళకీ మధ్య ఈ అడ్డరేకు ఉంది చూడు, ఫైర్‌వాల్ అంటారు. వైర్లు, పైపులు పోయేదానికి చిల్లులు కొట్టా. వాటికి గ్రోమెట్లు, అంటే చిల్లు అంచున కూర్చునే రబ్బరు రింగులు వేసి, వేడికి తట్టుకునే సీలెంటు పెట్టకపోతే ఇంజిను వేడి, పెట్రోలు ఆవిరి అన్నీ మన దగ్గరికే. పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. రంగుండదు, వాసనుండదు. వచ్చిందని కూడా తెలీదు.

కస్తూరి: చెప్పా పెట్టకుండా వచ్చేది మీ అక్క ఒక్కతే అనుకున్నా.

మునిరత్నం: మధ్యలో మా అక్క ఎందుకే?

కస్తూరి: సరే, వదిలేయండి. అందరూ కారు కొనుక్కుంటారు. మీరు ముక్కలు కొనుక్కొచ్చారు. ఏం సుఖం?

మునిరత్నం: 1957లో ఇంగ్లండులో లోటస్ సెవెన్ అని ఒక కారు వచ్చింది. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే కొనుగోలు పన్ను ఉండేది కాదు. 1973లో వ్యాట్ వచ్చాక ఆ లాభం పోయిందనుకో.

కస్తూరి: మీకేమైనా మిగిలిందా?

మునిరత్నం: నాకు బోల్టు బోల్టుకీ జీఎస్టీ పడింది.

(కస్తూరి మడ్‌గార్డు దగ్గర వంగింది. కళ్ళద్దాలు సర్దుకుంది. టైలరు కన్ను ఊరకే ఉండదు.)

కస్తూరి: మొన్న ఇక్కడ నున్నగా ఉండె. ఈ గీత ఏంది?

మునిరత్నం: లప్పం పెట్టి రంగు వేశా. ఇంజిను స్టార్ట్ చేస్తానే పగిలింది. ఎండకు ఫైబరు సాగినంత ఇనుము సాగదు. గుంతలో పడితే చాసీ మెలితిరుగుతుంది. మధ్యలో లప్పం రాయి మాదిరి కూర్చుంటే పగలక ఏం చేస్తుంది?

కస్తూరి: ఇంత తెలిసి లప్పం ఎందుకు పెట్టారు?

మునిరత్నం: పగిలినాకే తెలిసింది.

కస్తూరి: బాత్రూములో సింకు చుట్టూ పెట్టే సిలికాన్ ఉంది కదా?

మునిరత్నం: దాని మీద రంగు నిలవదు. పైగా పుల్లటి వాసన వచ్చే రకమైతే ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. ఇనుముకు తుప్పు. పోయిన వారం ఒకచోట పెట్టి చూసి, గీకి పారేశా.

కస్తూరి: ఆ వాసన అదా! నేను ఇడ్లీ పిండి పులిసిందని పారబోశానే!

మునిరత్నం: ఆ రోజు ఉప్మా అందుకా?

కస్తూరి: పాత పరుపులో స్పాంజి ఉంది, కుక్కండి.

మునిరత్నం: అది నీళ్ళు తాగి, కింద రేకును కుళ్ళబెడుతుంది. నీళ్ళు పీల్చని ఫోమ్ పట్టీ వేరే ఉంటుంది. అది బానెట్టు ఆనే చోట పెడతా. చిక్కంతా ఈ మడ్‌గార్డు దగ్గరే.

(కస్తూరి అతుకు వెంట వేలు నడిపింది. ఒకచోట గోరు కూడా పట్టదు. జానెడు పక్కన చిటికెన వేలు దూరింది.)

కస్తూరి: చంక దగ్గర నేనిట్లా కుడితే జాకెట్టు నా మొహాన కొడతారు. పైపింగ్ పెట్టండి.

మునిరత్నం: ఏందీ?

కస్తూరి: పైపింగండీ. రెక్సిన్ పట్టీలో తాడు పెట్టి కుడితే, అంచు రెండు ముక్కల నడుమ బోల్టుల కింద నొక్కుకుంటుంది. గుండ్రం ఒక్కటే బయటికి కనిపిస్తుంది. సందు హెచ్చుతగ్గులు దాని చాటున పోతాయి. ముక్కలు కదిలినా పగిలేదానికి ఏమీ ఉండదు.

మునిరత్నం: (నోరు తెరిచి) పాత బీటిల్ కార్లకు మడ్‌గార్డు పక్కన ఉండేది అదే కదే! వెనక సన్నగా సీలెంటు గీత లాగితే నీళ్ళు కూడా రావు. కుట్టిస్తావా?

కస్తూరి: నూలు తాడు వద్దు, తడి పట్టుకుంటుంది. ప్లాస్టిక్ తాడు తెండి. మెడ వంపు దగ్గర మాదిరి ఇక్కడ అంచుకు కత్తెర గాట్లు పడాలి, లేకుంటే ముడతలు. బోల్టు వచ్చే ప్రతి చోటా ఇంకో గాటు. మీటరుకు ఎంతిస్తారు?

మునిరత్నం: మొగుడికి కూడా రేటేనా?

కస్తూరి: పెళ్ళి జాకెట్లు పక్కన పెట్టి కుట్టాలి. రెక్సిన్ సీటు కవర్ల అంగడిలో నా ఖాతాలోనే తేవాలి. అది సరే, ఇది రోడ్డెక్కేది ఎప్పుడు?

మునిరత్నం: (స్పానరు తుడుస్తూ) రోడ్డెక్కదు. కొత్త మోడలు ఏదైనా పుణేలో ఏఆర్ఏఐ లాంటి సంస్థ పరీక్షలో నెగ్గితేనే రిజిస్ట్రేషను. ఇంట్లో కట్టినదానికి అదంతా అయ్యే పని కాదు.

కస్తూరి: మరి యాడ తిప్పుతారు?

మునిరత్నం: సొంత స్థలంలో.

కస్తూరి: మన సొంత స్థలం ఈ గోడ నుంచి ఆ గేటు దాకా!

మునిరత్నం: చంద్రగిరి దగ్గర మీ నాన్న మామిడితోట ఉంది కదా...

కస్తూరి: ఓహో. రెక్సిన్ నాది, కుట్టు నాది, తోట మా నాన్నది. ఆ ఆమ్నీ ఎవరిది?

మునిరత్నం: మీ అన్నది.

కస్తూరి: వెల్డింగ్ మిషను?

మునిరత్నం: అదీ మీ అన్నదే.

కస్తూరి: మరి ఈ కారులో మీదేముంది?

మునిరత్నం: సందులు.