తేలిక తుపాకీ సుఖం జేబుకే
జేబులో పెట్టుకునే రివాల్వర్ ఎంత తేలికైతే అంత మేలని ఈ మధ్య చదివిన ఒక వ్యాసంలో రాశారు. మోసేటప్పుడు నిజమే, పేల్చేటప్పుడు మాత్రం కాదు. టెక్సాస్‌లో తుపాకీ లైసెన్స్ తీసుకున్న కొత్తలో నేనూ అలాగే అనుకుని .357 మ్యాగ్నం అనే బలమైన తూటాలు పేల్చే రివాల్వర్ కొన్నాను. దాని ఫ్రేమ్ (తుపాకీ చట్రం) స్కాండియం కలిపిన తేలికైన అల్యూమినియం. 350 గ్రాములు కూడా ఉండదు, జేబులో ఉన్నట్టే తెలిసేది కాదు. కాల్పుల రేంజ్‌లో అయిదంటే అయిదు మ్యాగ్నం తూటాలు కాల్చేసరికి బొటనవేలి మొదలంతా కమిలిపోయింది. ఆ తర్వాత ప్రాక్టీస్ అంటేనే టెన్షన్, ఇక గురి ఎక్కడ కుదురుతుంది? ఇంకో చిక్కు వ్యాసంలో లేనేలేదు: ఇంత తేలిక తుపాకీలో వెనక్కి తన్నే దెబ్బకు, ఇంకా పేలని తూటాల కొసనున్న బుల్లెట్ ముందుకు జారి, తూటాలుండే గుండ్రటి సిలిండర్ తిరగకుండా పట్టేయొచ్చు. ఇప్పుడు నా దగ్గరున్నది అల్యూమినియం ఫ్రేమ్ స్మిత్ అండ్ వెసన్ 642. సుమారు 410 గ్రాములు, పేల్చేది మ్యాగ్నం కంటే తక్కువ బలమున్న .38 స్పెషల్ తూటాలు, పట్టేది అయిదే. తూటాను పేల్చే సుత్తి లాంటి హ్యామర్ లోపలే ఉంటుంది కాబట్టి తీసేటప్పుడు బట్టకు తగులుకోదు. ట్రిగ్గర్ నొక్కడానికి బలం పెట్టాలి, అలవాటు కావడానికి నాకు నెలలు పట్టింది. 148 గ్రెయిన్ల (సుమారు 9.6 గ్రాముల) బుల్లెట్ ఉండే వాడ్‌కటర్లతో, అంటే మొన చదునుగా ఉండి మెల్లగా తన్నే ప్రాక్టీస్ తూటాలతో అయితే మా ఆవిడ కూడా యాభై దాకా కాలుస్తుంది.