కాన్సెప్ట్ అర్థమైందా సార్?

హోటల్‌కు పోతే ముందు మంచినీళ్లు పెడతారని, తర్వాత ఏం కావాలని అడుగుతారని ఇన్నాళ్లూ అనుకుంటూ బతికాను. నాదే తప్పు. హన్మకొండలో కొత్తగా తెరిచిన ఒక మోడర్న్ చైనీస్ రెస్టారెంట్‌లో మొన్న నల్లచొక్కా కుర్రాడు మా టేబుల్ దగ్గర నిలబడి, "మా కాన్సెప్ట్ ఎక్స్‌ప్లెయిన్ చేయమంటారా సార్?" అన్నాడు.

యాభై రెండేళ్లుగా తింటున్నాను. అన్నప్రాసన నాడు కూడా నాకెవరూ కాన్సెప్ట్ చెప్పలేదు. నోరు తెరిచాను, పెట్టారు, మింగాను.

మేం ఐదుగురం. నేను, మా ఆవిడ, కొడుకు, ఈ విందుకు మూలకారకురాలైన మా అమ్మాయి, నర్సంపేట దగ్గరి పల్లె నుంచి మిర్చి అమ్ముకోవడానికి వచ్చి రాత్రికి మా ఇంట్లో దిగిన పెద్దబాపు. తాతకు కొత్త రుచి చూపించాలని అమ్మాయి పట్టుబట్టింది.

కాన్సెప్ట్ ఏమిటంటే, అన్నీ చిన్న ప్లేట్లు. ఎవరిది వాళ్లు తెప్పించుకోవడం పాత పద్ధతట. ఏది ముందు తయారైతే అది ముందు వస్తుంది, అందరూ షేర్ చేసుకోవాలి. పెద్దబాపు శ్రద్ధగా విని, "అంటే బంతిల కూసున్నట్టేనా బిడ్డా?" అన్నాడు. కుర్రాడు అవునన్నట్టు తలూపాడు. బంతిలో మారు వడ్డిస్తారన్న సంగతి వాడు మర్చిపోయినట్టున్నాడు.

ముందు వెదురు బుట్ట వచ్చింది. మూత తీస్తే ఆవిరి, ఆవిరి పోయాక నాలుగు డంప్లింగులు. 460 రూపాయలు.

నాలుగు. ఐదుగురికి.

ఇక మర్యాదలు మొదలయ్యాయి. మా ఆవిడ ఉపవాసమంది. ఆమె ఉపవాసం శనివారం, ఆ రోజు మంగళవారం. కొడుకు మధ్యాహ్నం హెవీగా తిన్నానన్నాడు. "పోరగాండ్లను తిననియ్యిండ్రి" అన్నాడు పెద్దబాపు. ఇంటి యజమానిని కదా, హారతి పళ్లెం తిప్పినట్టు బుట్టను అందరి ముందూ తిప్పాను. తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి నాలుగూ నాలుగ్గానే ఉన్నాయి. లాభం లేదని మా ఆవిడ స్పూన్ తీసుకుని వాటాలు వేయబోయింది. కుర్రాడు ఎక్కడి నుంచో పరుగెత్తుకొచ్చాడు.

"మేడమ్, కట్ చేయొద్దు! లోపల సూప్ ఉంది!"

అప్పటికే పొడిచేసింది. రసం బుట్టలోంచి కారి, కింద సాసర్‌లోకి, అక్కడి నుంచి టేబుల్ మీదికి పోయింది. "రసం పాయె" అన్నాడు పెద్దబాపు, చావు కబురు విన్నట్టు.

పిండిముద్దలోకి సూప్ ఎలా వెళ్లిందో కూడా కుర్రాడు చెప్పాడు. ఎముకలు గంటలకొద్దీ మరిగించిన రసం చల్లారితే జెల్లీలా గడ్డకడుతుంది. దాన్ని మాంసంలో కలిపి పిండిలో చుట్టి ఆవిరికి పెడితే లోపల మళ్లీ కరుగుతుంది. షాంఘై వైపు విద్య. గొప్పదే, కాదనను. కానీ నాయనా, షేర్ చేసుకోమంటావు, కోయొద్దంటావు, ఐదుగురికి నాలుగు పెడతావు. రామప్ప గుడి ఇటుక నీళ్లమీద ఎందుకు తేలుతుందో చెప్పేవాళ్లున్నారు, ఈ లెక్క చెప్పేవాడెవడు? మా వాడు ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్. వాడే ఫోన్‌లో తలదూర్చాడు.

చివరికి పిల్లలు చెరొకటి తిన్నారు, చిల్లుపడ్డది నా వాటాకొచ్చింది. నాలుగోదాన్ని మా ఆవిడ పెద్దబాపు వైపు, పెద్దబాపు మా ఆవిడ వైపు నెట్టుకుంటూ ఉండగా అది చల్లారిపోయింది.

ఇలాంటి బుట్టల తిండికి క్యాంటన్ వైపు డిమ్‌సమ్ అని పేరు. గుండెను తాకేది అని అర్థం చెబుతారు. మాకూ తాకింది, అక్కడి నుంచి కడుపు దాకా రాలేదు. అసలు చైనాలో గుండ్రటి బల్ల చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుని బుట్ట మీద బుట్ట లాగిస్తారు. అతిథి ముందు ప్లేట్లు ఖాళీ అయితే పిలిచినవాడికి నామోషీ. తెప్పించి తెప్పించి పారేస్తుంటే 2021లో ఆహార వృథా మీద చట్టమే చేశారు. కస్టమర్‌ను ఎగదోసి ఎక్కువ ఆర్డర్ చేయించిన హోటల్‌కు జరిమానా కూడా ఉంది అందులో. మా టేబుల్ మీద వృథా అయింది మా ఆవిడ పొడిచిన రసం ఒక్కటే.

అమ్మాయి గోబీ మంచూరియా అడిగితే "మేం అథెంటిక్ మేడమ్" అన్నాడు. సరే, మంచూరియా చైనాది కాదు, 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ చేతిలో పుట్టిందంటారు. మరి మీ మెనూలో పనీర్ బావో ఏ రాజవంశం కాలం నాటిది?

ఇంతలో 'ఇంపోర్టెడ్ సిచువాన్ చిల్లీ ఆయిల్' వచ్చింది. కుంకుమ భరిణె అంత గిన్నె, చెంచాడు నూనె, 120 రూపాయలు. పెద్దబాపు వేలు ముంచి, వాసన చూసి, నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "మన తేజ మిర్చి లెక్కనే ఉన్నది" అన్నాడు.

ఆ పొద్దున మార్కెట్‌లో జెండా పాటలో, అంటే మొదటి వేలంలో, మిర్చి ఒక రేటు పలికింది. పేపర్లో వచ్చేదీ అదే. అది ఒకటి రెండు లాట్లకు. పెద్దబాపు బస్తాల దగ్గరికొచ్చేసరికి తేమ ఉందన్నారు, తాలు కలిసిందన్నారు, క్వింటాలుకు 11,000 కట్టారు. కిలో 110. నల్ల తామర పురుగుకు మందు మీద మందు కొట్టి, కూలీలను బతిమాలి ఏరించి, కల్లంలో ఎండబోసి, మబ్బు పడితే అర్ధరాత్రి లేచి పరదాలు కప్పి, కిలో 110! మన తేజను చైనా టన్నులకు టన్నులు కొనుక్కుపోతుంది. ఇంపోర్టెడ్ ఏమిట్రా? ఎవడి మిర్చిని ఎవడికి ఇంపోర్ట్ చేస్తున్నారు? కిలో కాయ పండించినవాడు ఆ డబ్బుతో చెంచాడు నూనె కొనలేడు, పైన పది రూపాయలు ఎదురివ్వాలి. దీనికి మళ్లీ కాన్సెప్టా? సిగ్గులేదా?

నా గొంతు లేచింది. పక్క టేబుళ్లవాళ్లు తిరిగి చూశారు. పెద్దబాపు నన్ను పట్టించుకోకుండా కుర్రాణ్ణి అడిగాడు.

"ఏ ఊరు బిడ్డా?"

"డోర్నకల్ కాడ తాతా."

"మిర్చి పెడ్తరా?"

"రెండెకరాలు పెట్టేటోళ్లం. పురుగు పడి అంత పోయింది. గందుకే గిట్లొచ్చిన." తర్వాత అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఎగ్ ఫ్రైడ్ రైస్ చెప్పుండ్రి తాతా, అదొక్కటే కడుపుకు ఆనుతది" అన్నాడు. ఆ సాయంత్రం మొత్తంలో నాకర్థమైన కాన్సెప్ట్ అదొక్కటే.

బిల్లు 3,870. అందులో పది శాతం సర్వీస్ చార్జి. అడగకుండా బిల్లులో కలపొద్దని 2022లోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా సమర్థించింది. ఆ మాటే అంటే మేనేజర్ నోరెత్తకుండా తీసేశాడు. ఆ డబ్బు కుర్రాడి చేతిలో పెట్టి వచ్చాను. మిగిలిన నాలుగో డంప్లింగును నల్ల డబ్బాలో పెట్టి, ప్యాకింగ్‌కు 20 వేశారు.

తెల్లారి ఆ డబ్బా సంచిలో పెట్టుకుని పెద్దబాపు బస్సెక్కాడు. మధ్యాహ్నానికి పెద్దమ్మ ఫోన్ చేసింది.

"గింత పెద్ద డబ్బల ఒక్కటే ఉన్నదేంది కొడకా? తొవ్వల మీ పెద్దబాపు మెక్కిండా?"