స్వర్గానికి గడువుంది

హనుమకొండ చౌరస్తాలో కట్టే సంతాప ఫ్లెక్సీల్లో ఒకదానిపై 'స్వర్గస్తులైనారు' అని ఉంటుంది, పక్కదానిపై 'శివైక్యం చెందారు' అని. రెండూ ఒకటే అన్నట్టు వాడేస్తున్నాం. శాస్త్రం లెక్కలో మొదటిది గడువున్న మకాం, రెండోది తిరిగి రాని చోటు. 'క్షీణే పుణ్యే మర్త్యలోకం విశంతి' అని గీత తొమ్మిదో అధ్యాయంలోనే తేల్చేసింది. పుణ్యం ఖర్చయితే మళ్లీ నేల మీదికే. బౌద్ధంలోనూ దేవలోకపు ఆయుష్షు ఎంత పొడుగైనా ఓ రోజు తీరిపోయేదే.

మరి పరమానందం ఎంత? తైత్తిరీయోపనిషత్తు నిజంగానే లెక్క కట్టింది. మంచివాడు, చదువుకున్నవాడు, ఒంట్లో బలమున్న యువకుడు, పైగా భూమ్మీది సంపదంతా వాడిదే. వాడి సుఖం ఒక పాలు. దానికి నూరింతలు మనుష్య గంధర్వులది. అక్కణ్నుంచి దేవగంధర్వులు, పితృదేవతలు మొదలుకొని ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి, బ్రహ్మ దాకా మొత్తం 10 మెట్లు, మెట్టుమెట్టుకూ నూరు రెట్లు. గుణిస్తే 1 పక్కన 20 సున్నాలు. ప్రవచనాలు సాధారణంగా ఈ అంకె దగ్గరే ఆగుతాయి, చప్పట్లూ అక్కడే పడతాయి. అసలు సంగతి ఆ పది మెట్లలో ప్రతిదాని చివరా వచ్చే 'శ్రోత్రియస్య చాకామహతస్య' అనే పల్లవిలో ఉంది. కోరిక దెబ్బకు లొంగని వేదవేత్తకూ అంతే ఆనందం అని. కోరిక తగ్గేకొద్దీ ఆనందం పెరుగుతుందని శంకరులు వివరించారు. పుణ్యాన్ని నెలనెలా చిట్టీలా కట్టి చివర్లో శాశ్వతానందాన్ని పాడుకుందామంటే కుదరనిది ఇందుకే. కర్మతో పుట్టింది ఏదైనా కరిగిపోయేదే.

బమ్మెర పోతనకు ఈ తేడా బాగా తెలుసు. భాగవతాన్ని 'శ్రీకైవల్య పదంబుఁ జేరుటకునై' అని, అంటే మోక్షం కోసమని మొదలుపెట్టాడు, స్వర్గం ఊసెత్తలేదు. ఆ కైవల్యంలోని 'కేవల' శబ్దమే జైనుల కేవలజ్ఞానంలోనూ, అంటే సంపూర్ణ జ్ఞానంలోనూ ఉంది. హనుమకొండలోని పద్మాక్షి గుట్ట రాతిలో చెక్కిన తీర్థంకరులు ఆ జ్ఞానం పొందినవాళ్లే. జైనంలో అనంత సుఖం ఒంటరిగా రాదు, అనంత జ్ఞాన, దర్శన, వీర్యాలతో (వీర్యం అంటే ఇక్కడ శక్తి) కలిసి వస్తుంది.

మేడారం జాతర దారి వేరు. కన్నెపల్లి నుంచి సారలమ్మ, చిలుకలగుట్ట నుంచి సమ్మక్క రెండేళ్లకోసారి గద్దెలకు వస్తారు, నాలుగో రోజు వనంలోకి పోతారు. నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, తూచి ఇచ్చేవాళ్లు మొక్కేది పిల్లలకు, పంటకు, ఒంటి బాగుకు. మోక్షానికి కాదు. దీన్ని కింది మెట్టు భక్తి అనే పండితులతో నాకు పేచీ ఉంది. తల్లులు నిలిచిపోరని తెలిసే జనం పోతారు. వనప్రవేశం అయ్యాక గద్దెల దగ్గర మిగిలేది బెల్లం జిగురు, పసుపు, వచ్చే మాఘ పున్నమి జాతరకు ఒప్పుకున్న మొక్కులు.