ధ్రువాల చట్టానికి లస్కర్ ఏడీ?

కోనసీమ కేశనపల్లిలో తలలు రాలిపోయి మోడుల్లా నిలబడ్డ కొబ్బరి చెట్ల ఫోటోలు మీరూ చూసే ఉంటారు. 2025 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ అక్కడికి వెళ్లడం, మాటల మధ్యలో కోనసీమకి తెలంగాణ నాయకుల ‘దిష్టి’ తగిలిందన్న ముక్క దొర్లడం, దాని మీద రెండు తెలుగు రాష్ట్రాల నాయకులూ రోజుల తరబడి మాటకు మాట విసురుకోవడం అన్నీ అయ్యాయి. ఆ గొడవలో అందరూ మర్చిపోయింది ఉప్పు. అక్కడి మురుగు నీటిని సముద్రానికి చేర్చే శంకరగుప్తం డ్రైన్‌లోకి సముద్రం ఎందుకు ఎగదన్నుతోందన్న ప్రశ్నకి టీవీ చర్చల్లో చోటు దొరకలేదు.

మా మేనమామ చేను సఖినేటిపల్లి మండలంలో, కాలువకి చిట్టచివర. శివారు భూమి. మురుగు కాలువ ఎలా పనిచేస్తుందో చిన్నప్పుడు నాకు ఆయనే చూపించాడు. దానికి మోటారు ఉండదు, పంపు ఉండదు. ఆటుకి షట్టర్ ఎత్తితే చేలో నీళ్లు సముద్రంలోకి పోతాయి. పోటుకి షట్టర్ దించాలి, లేకపోతే సముద్రమే చేలోకి వస్తుంది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు చూస్తే ఆ షట్టర్ కింది అంచు తుప్పుపట్టి చెయ్యి పట్టేంత సందు పడింది. దాంట్లో ఇసుక బస్తా కుక్కారు. బస్తా కూడా చిరిగింది. మామయ్య గట్టు మీద తెల్లగా పేరిన పొరని వేలితో గీకి నాలిక మీద పెట్టుకుని, “అమావాస్య పోటుదిరా ఇది. నీళ్లు పైనుంచి రావాలిగానీ కింద నుంచి వస్తున్నాయేంట్రా?” అన్నాడు.

ఆ ప్రశ్నకి జవాబులో సగం ఊళ్లోనే ఉంది. డ్రైన్లు పూడిపోయాయి, మడ అడవులు కొట్టి చెరువులు తవ్వాం, గోదావరి తెచ్చే ఒండ్రు పైనున్న డ్యాముల్లోనే ఆగిపోయి 1970ల నాటితో పోలిస్తే సగానికి పైగా తగ్గింది. శంకరగుప్తంలో ఇవాళ పేరిన ఉప్పు అంటార్కిటికా పుణ్యమేనని నేననడం లేదు. మిగతా సగం జవాబు మాత్రం మన ఊళ్లో లేదు. 1993 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్న లెక్కలో ప్రపంచ సముద్ర మట్టం సగటున 10 సెంటీమీటర్లు పెరిగింది. బెత్తెడు పైమాటే. కొండ ప్రాంతం వాళ్లకి బెత్తెడు లెక్కలోకి రాదు. మన డెల్టా మాత్రం పళ్లెంలా ఉంటుంది, డ్రైన్ వాలు అంగుళాల్లో ఉంటుంది. సముద్రం బెత్తెడు లేస్తే ఆటు సమయంలో షట్టర్ తెరిచి ఉంచగలిగే గంటలు తగ్గిపోతాయి. ఆ గంటలే మన సార్వా (ఖరీఫ్) పంట. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే (సాగు మానేయడం) ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో ముంపు నీరు దిగకపోవడం కూడా ఉందని గుర్తు చేసుకోండి.

1992 నుంచి 2020 దాకా గ్రీన్‌లాండ్, అంటార్కిటికా కలిపి దాదాపు 7.5 లక్షల కోట్ల టన్నుల మంచు పోగొట్టుకున్నాయి. దానివల్ల సముద్రం 21 మిల్లీమీటర్లు పెరిగింది. ఇంతేనా అనిపించవచ్చు. కానీ ఇందులో ఒక తిరకాసుంది. అంత పెద్ద మంచు రాశి తన బరువుతో చుట్టూ ఉన్న సముద్రాన్ని తన వైపు లాక్కుని ఉంచుతుంది. మంచు కరిగేకొద్దీ ఆ లాగుడు తగ్గుతుంది. అప్పుడు దాని పక్కన సముద్ర మట్టం పడిపోతుంది, అక్కణ్ణుంచి జారుకున్న నీళ్లు దూరంగా, వెచ్చటి సముద్రాల్లో ఎక్కువ పేరుకుంటాయి. గ్రీన్‌లాండ్ మంచు పోతే గ్రీన్‌లాండ్ ఒడ్డున నీళ్లు తగ్గుతాయి, అంతర్వేది ఒడ్డున పెరుగుతాయి. కాలువ తలదగ్గర గండి పడితే మునిగేది శివారు ఊరేనన్న సంగతి మనకి కొత్త కాదు కదా. ధ్రువాలకి శివారు మనమే.

మరి ఆ ధ్రువాల సముద్రాన్ని కాపాడే చట్టం ఎలా ఉంది? చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1959లో ఆ ఖండాన్ని శాంతికీ పరిశోధనకీ వదిలేసిన అంటార్కిటిక్ ఒప్పందం, 1980లో అక్కడి సముద్ర జీవుల పరిరక్షణకి ఇంకో ఒప్పందం, 1991లో గనుల తవ్వకాన్ని నిషేధించిన మాడ్రిడ్ ప్రొటోకాల్. కాగితం మీద ఇంత మంచి చట్టం ఇంకో సముద్రానికి లేదు. 1980 ఒప్పందమైతే నిజంగా ముద్దొచ్చే చట్టం. చేపలు ఎన్ని పట్టుకోవచ్చో లెక్కేసేటప్పుడు పెంగ్విన్ల వాటా, తిమింగలాల వాటా పక్కన పెట్టాకే మనిషి వాటా తేల్చాలంటుంది. పంట నూర్చగానే గిత్తల వాటా, పాలేరు వాటా తీసి పక్కన పెట్టిన పాతకాలం కళ్లం లెక్క అది.

అయితే ఆ ఒప్పందాన్ని అమలు చేసే కమిషన్‌లో 27 సభ్యులున్నారు. ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌లో ఏటా అక్టోబర్‌లో కూర్చుంటారు. ముఖ్యమైన ఏ నిర్ణయమైనా అందరూ ఒప్పుకుంటేనే. ఒక్కరు తల అడ్డంగా ఊపితే ఆ ఏడాదికి అంతే సంగతులు. నా ఫిర్యాదంతా ఇక్కడే.

దాళ్వాకి (రబీకి) నీళ్లు చాలని ఏడాది మన దగ్గర వంతులు పెడతారు. ఇన్ని రోజులు ఈ కాలువకి, ఇన్ని రోజులు ఆ కాలువకి. పై రైతు ఒప్పుకున్నాడా లేదా అని కాలువ షట్టర్లు చూసే లస్కర్ అడగడు. వంతు అయిపోతే షట్టర్ దించుతాడు. పై రైతు తిడతాడు, ఒక్కోసారి రాత్రిపూట వచ్చి ఎత్తేస్తాడు కూడా. కానీ షట్టర్ తాళం లస్కర్ దగ్గరుండాలన్న నియమాన్ని ఎవరూ ప్రశ్నించరు. హోబర్ట్‌లో లస్కర్ లేడు. షట్టర్‌కి 27 తాళాలు, అన్నీ పై రైతుల జేబుల్లో.

దీని ఫలితం క్రిల్ దగ్గర చూడండి. క్రిల్ అంటే బొటనవేలంత ఉండే రొయ్యలాంటి జీవి. దక్షిణ సముద్రంలో తిమింగలం నుంచి పెంగ్విన్ దాకా అందరి తిండీ అదే. అది ఉపరితలంలో తిని వదిలిన రెట్ట లోతుకి దిగి, గాలిలోని కార్బన్‌ని కూడా కిందికి మోసుకుపోతుంది. దాన్ని పట్టి ఎండబెట్టి పొడి చేసి సాల్మన్ చేపల మేతలో, రొయ్యల మేతలో కలుపుతారు. భీమవరం నుంచి రాజోలు దాకా చెరువులు తవ్వుకున్నవాళ్లం, ఇది మనకి సంబంధం లేని కథ అనుకోవడానికి లేదు. అట్లాంటిక్ వైపున్న అంటార్కిటిక్ సముద్రంలో ఏడాదికి 6,20,000 టన్నులు దాటకూడదని హద్దు పెట్టుకున్నారు. ఆ మొత్తం ఒకే చోట పట్టకుండా ప్రాంతాలవారీగా పంచే నియమం ఇంకోటి ఉండేది. దాన్ని పొడిగించడానికి అందరూ ఒప్పుకోకపోవడంతో 2024లో అది కాలం చేసింది. మరుసటి ఏడాదే ఓడలన్నీ పెంగ్విన్లు, తిమింగలాలు మేసే చోట గుమిగూడాయి. హద్దు ఆగస్టు నాటికే నిండిపోయి, గడువుకి నెలల ముందే వేట ఆపాల్సి వచ్చింది. ఇలా జరగడం అదే మొదటిసారి. అందరికన్నా ఎక్కువ క్రిల్ పట్టేది నార్వే. పర్యావరణం మీద మనకి పాఠాలు చెప్పే ఖండంలోనే ఉంది ఆ దేశం.

ఇప్పుడు మన తీరానికి రండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. కాకినాడ హార్బర్‌లో బోట్లన్నీ వరసగా కట్టేసి ఉంటాయి, గంగపుత్రులు అరుగుల మీద వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. ప్రభుత్వం ఇచ్చే భృతి 20,000 రూపాయలు, అదీ వచ్చినప్పుడు వచ్చినట్టు. ఈ నిషేధానికి ఏ బోటు యజమాని సమ్మతి అడిగారు? ఒక్కడు కాదంటే నిషేధం ఆగిపోతుందా? భైరవపాలెం మనిషికి చట్టం అంటే చట్టమే. వంద మీటర్ల పొడవున్న క్రిల్ ఓడకి మాత్రం చట్టం అంటే చర్చ. యానాం దగ్గర ఒక పెద్దాయనకి ఈ సంగతి చెబితే కాసేపు ఆలోచించి, “అయితే ఆ మీటింగులో మనోళ్లెవరూ మాట్లాడరాండీ?” అని అడిగాడు. ఈ వ్యాసం రాయించింది ఆ మాటే.

ఏకాభిప్రాయాన్ని వెనకేసుకొచ్చేవాళ్ల వాదన కూడా చెప్పాలి. అందరి మాటకీ విలువ ఉంది కాబట్టే రష్యా, అమెరికా, చైనా ఇంతకాలం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయని, ఓటింగ్ పెడితే ఓడినవాళ్లు లేచిపోయి ఇష్టమొచ్చినట్టు వేటాడతారని అంటారు. 2016లో రాస్ సముద్రంలో 15.5 లక్షల చదరపు కిలోమీటర్ల రక్షిత ప్రాంతం వచ్చింది ఈ పద్ధతిలోనే అని గుర్తుచేస్తారు. నిజమే. ఆ తర్వాత వచ్చింది ఎన్ని? సున్నా. తూర్పు అంటార్కిటికా ప్రతిపాదన పదేళ్లు దాటినా చైనా, రష్యాల అభ్యంతరం దగ్గరే ఆగి ఉంది. 2025 అక్టోబర్‌లోనూ ఉత్త చేతులతోనే లేచారు. పైగా ఉత్తర ధ్రువంలో జరిగింది చూస్తే ఈ వాదన తేలిపోతుంది. మధ్య ఆర్కిటిక్ సముద్రంలో 28 లక్షల చదరపు కిలోమీటర్లలో వాణిజ్య వేట అసలు మొదలవకముందే, 16 ఏళ్లు ఎవరూ వల వేయకూడదని 2018లో ఒప్పందం రాసుకున్నారు. 2021 నుంచి అమల్లో ఉంది. సంతకాలు పెట్టినవాళ్లలో అదే రష్యా, అదే చైనా ఉన్నాయి. అంటే ఒప్పుకోలేనివాళ్లు కారు. లాభం మొదలయ్యాక ఒప్పుకోనివాళ్లు.

నన్ను నిజంగా కుదురుగా కూర్చోనివ్వనిది మాత్రం వేరే సంగతి. 2024 మే 21న హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానం ఒక అభిప్రాయం చెప్పింది. మనుషులు గాలిలోకి వదిలే గ్రీన్‌హౌస్ వాయువులు కూడా సముద్ర కాలుష్యమేనంది. చమురు ఒలకబోస్తే ఎలా కాలుష్యమో ఇదీ అలాగే. కాబట్టి దాన్ని ఆపడానికి గట్టిగా జాగ్రత్త పడాల్సిన బాధ్యత దేశాలకి చట్టం ప్రకారమే ఉంది, అది దయాధర్మం కాదు. ఏడాది తిరిగాక 2025 జూలైలో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ఇంకో మెట్టెక్కి, ఈ బాధ్యత విస్మరించడం తప్పిదం కావచ్చనీ, నష్టపరిహారం దాకా పోవచ్చనీ చెప్పింది. ఇవి సలహా అభిప్రాయాలే, డిక్రీలు కావు. అయినా దీంతో లెక్క మారింది. అంటార్కిటిక్ ఒప్పందం గీసిన గీత 60 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఆగిపోతుంది. గీతకి అవతల చట్టం, ఇవతల మన ఖర్మ అన్నట్టు ఇన్నాళ్లూ నడిచింది. కోర్టు చెప్పిన ప్రకారం ఆ గీతకి అర్థం లేదు. పొగ వదిలింది షాంఘై అయినా, టెక్సాస్ అయినా, మన సింహాద్రి బొగ్గు ప్లాంటే అయినా, అది వేడెక్కించేది ధ్రువ సముద్రాన్ని, ఆ నీళ్లు చేరేది మా మామయ్య గట్టుకి. మొత్తం ఒకే కాలువ.

హాంబర్గ్ కోర్టు గుమ్మం ఎక్కిందెవరో తెలుసా? చిన్న ద్వీప దేశాలు. ముందు నిలబడినవాటిలో తువాలు ఒకటి. దాని జనాభా పది వేలకి అటూఇటూ. మన దగ్గర పెద్ద పంచాయతీ ఒక్కదాంట్లో అంతమంది ఉంటారు. కోనసీమ జిల్లా జనాభా 17 లక్షలు. సముద్రం లేస్తే మునిగే తీరు ఇద్దరిదీ ఒకటే. వాళ్లకి కోర్టులో కుర్చీ ఉంది, మనకి లేదు. దేశం చిన్నదైతే శివారు ఊరే రాజధాని అవుతుంది. దేశం పెద్దదైతే శివారు ఊరు శివారుగానే మిగిలిపోతుంది.

కొంచెం పక్కకి వెళ్తున్నానని తెలుసు, అయినా చెప్పాలి. నీటి సంఘాల చట్టం మనకి 1997లో వచ్చింది. రైతులే కాలువ నడుపుకోవాలన్నది ఉద్దేశం. నేను చూసిన సంఘాల్లో పెత్తనం ఎప్పుడూ కాలువ తలదగ్గరి వాళ్లదే. శివారు రైతు సమావేశానికి వచ్చేసరికి టీ అయిపోతుంది, తీర్మానం కూడా అయిపోతుంది. ఢిల్లీ హేగ్‌లో మాట్లాడిన తీరు నాకు అలాగే అనిపించింది. 2024 డిసెంబర్‌లో మన ప్రభుత్వం ఆ కోర్టుకి చెప్పిందేమిటంటే, ఈ పాపం ఎక్కువ భాగం సంపన్న దేశాలది, ఉన్న ఒప్పందాలకి మించి కొత్త బాధ్యతలేవీ మా నెత్తిన పెట్టొద్దని. మొదటి సగం నూటికి నూరుపాళ్లు నిజం. రెండో సగం ఎవరి తరఫున? బొగ్గు తరఫున మాట్లాడే గొంతు అక్కడుంది, మునిగే ఊరి గొంతు లేదు. తువాలు పక్కన కూర్చోవాల్సిన పదకొండు వేల కిలోమీటర్ల తీరమున్న దేశం పై రైతుల పక్కన కూర్చుంది.

అలాగని మనం చేతకానివాళ్లమేం కాదు. 1983 నుంచి అంటార్కిటిక్ ఒప్పందంలో మనకి నిర్ణయాధికారం ఉంది. అక్కడ మనం కట్టిన మొదటి స్థావరం పేరు దక్షిణ గంగోత్రి. దక్షిణ గంగ అని మనం గోదావరిని పిలుచుకుంటాం. ఆ పేరు పెట్టినవాళ్లకి ఈ సంగతి తట్టిందో లేదో గానీ, ఆ స్థావరం మంచులో కూరుకుపోయింది. తర్వాత మైత్రి, 2012లో భారతి వచ్చాయి. భారతి ఉన్నది తూర్పు అంటార్కిటికాలోనే, అక్కడి రక్షిత ప్రాంతానికి మద్దతిస్తున్నట్టు 2021లోనే ప్రకటించాం. 2022లో సొంతంగా అంటార్కిటిక్ చట్టం చేసుకున్నాం. 2024లో ఆ దేశాలన్నిటినీ కొచ్చికి పిలిచి సమావేశం పెట్టాం. కుర్చీ ఉంది. ఆ కుర్చీలోంచి అడగాల్సింది అడగడం లేదు.

అడగాల్సినవి రెండు. అంటార్కిటికాలో ప్రమాదం చేసినవాడే ఖర్చు భరించాలన్న మాడ్రిడ్ ప్రొటోకాల్ అనుబంధాన్ని 2005లో స్టాక్‌హోంలో ఆమోదించారు. చాలినన్ని దేశాలు ధ్రువీకరించక ఇరవై ఏళ్లు దాటినా అమల్లోకి రాలేదు. పాశర్లపూడి బావి 1995లో 65 రోజులు మండినప్పుడు కింద ఊళ్లవాళ్లు పడ్డ యాతన చూసినవాళ్లం, ఎవరు కడతారన్న ప్రశ్న ముందే తేల్చుకోకపోతే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. రెండోది ఏకాభిప్రాయం. 2026 జనవరి 17న అమల్లోకి వచ్చిన మహాసముద్రాల (ఏ దేశానికీ చెందని జలాల) ఒప్పందంలో, అందరినీ ఒప్పించే ప్రయత్నం విఫలమైతే నాలుగింట మూడొంతుల ఓట్లతో రక్షిత ప్రాంతం ప్రకటించే వీలుంది. ఆ తలుపు హోబర్ట్‌లోనూ తీయమని అడగాలి. ఒప్పుకోరు, తెలుసు. పై రైతు ఏనాడు ఒప్పుకున్నాడు? అయినా వంతులు వచ్చాయి, శివారువాళ్లు గునపాలు పట్టుకుని లాకు దగ్గరికి నడిచారు కాబట్టి.

వచ్చే అక్టోబర్‌లో హోబర్ట్ వెళ్లే మన బృందం బ్యాగులో డ్రైనేజీ శాఖవాళ్ల పోటు రిజిస్టర్ ఒకటి పెట్టాలని నా కోరిక. ఏ అమావాస్యకి షట్టర్ ఎన్ని గంటలు తెరిచారో అందులో ఉంటుంది. మామయ్యకి ఫోన్ చేసి ఇదే చెప్పాను. “రిజిస్టర్ రాసే లస్కర్ రిటైరై నాలుగేళ్లయిందిరా. ఆ పోస్టులో ఇంకా ఎవర్నీ వేయలేదు” అన్నాడు.