సమీకృత తీరప్రాంత నిర్వహణలో జాలరి వేషం

విశాఖ బీచ్ రోడ్డులోని ఒక హోటల్ అయిదో అంతస్తులో, తూర్పు గోడ పొడవునా అద్దాలు, అద్దాల అవతల సాక్షాత్తు బంగాళాఖాతం ఉన్న హాలులో, సమీకృత తీరప్రాంత నిర్వహణపై అధికారులకు మూడు రోజుల శిక్షణ జరిగింది. ప్రారంభోపన్యాసం మొదలైన రెండో నిమిషంలో, ఎండ పడి తెర మీది బొమ్మలు వెలిసిపోతున్నాయని ఒక పెద్దాయన ఫిర్యాదు చేయగా నిర్వాహకులు వెంటనే పరదాలు లాగేశారు. ఆ తరువాత తెర మీద సముద్రం బ్రహ్మాండంగా కనిపించింది. మూడు రోజులూ ఆ పరదాలు మళ్లీ తెరుచుకోలేదు. తీరాన్ని నిర్వహించాలంటే ముందు దాన్ని కంటికి కనపడకుండా చేసుకోవాలన్న మొదటి పాఠం, పరిశీలకుడిగా వెళ్లిన నాకు ఆ విధంగా ఉచితంగా దక్కింది.

ఈ విద్య ఆషామాషీది కాదు. 1992లో రియో డి జనీరోలో జరిగిన ధరిత్రీ సదస్సు అజెండా 21 అనే తన కార్యాచరణ పత్రం పదిహేడో అధ్యాయంలో, తీర దేశాలన్నీ సమీకృత నిర్వహణ చేపట్టాలని, అందుకు తగిన మనుషులను తయారు చేసుకోవాలని కోరింది. రేవులవారు, మత్స్యశాఖవారు, జలవనరులవారు, అటవీశాఖవారు, పర్యాటకంవారు, రెవెన్యూవారు, పట్టణ ప్రణాళికవారు ఎవరికి తోచినట్టు వారు తవ్వుకుంటూ, కట్టుకుంటూ పోకుండా, ఒకరినొకరు అడిగి తవ్వాలి, ఒకరినొకరు అడిగి కట్టాలి అన్నది దాని సారాంశం. 2010లో ప్రపంచ బ్యాంకు సాయంతో మన దేశంలో మొదలైన ప్రాజెక్టు గుజరాత్, ఒడిశా, పశ్చిమ బెంగాల్ తీరాలకు పోయింది. మన వంతుకు సదస్సులు వచ్చాయి. ఆ మూడు రోజుల్లో పైన చెప్పిన శాఖలన్నీ నిజంగా సమీకృతమైన చోటు కూడా ఒకటుంది. అది మధ్యాహ్నం అపోలో ఫిష్ వడ్డించిన బల్ల.

అసలు ఘట్టం మూడో రోజు ఉదయం వచ్చింది. దాని పేరు ‘పాత్రపోషణ ద్వారా భాగస్వాముల దృక్పథ అవగాహన’. బల్ల మీద పెద్ద చార్టు పరిచారు, దాని మీద ఒక ఊహాతీరం గీశారు, ఆ తీరానికి నీలిరేవు అని నామకరణం చేశారు, ఒక గాజు గిన్నెలో చీటీలు వేశారు. ఎవరికి ఏ చీటీ వస్తే వారిది ఆ పాత్ర. రేవు ఇంజినీరుకు పర్యావరణవేత్త పాత్ర, పర్యాటక అధికారికి ఆలివ్ రిడ్లీ తాబేలు పాత్ర వచ్చాయి. పట్టణ ప్రణాళిక శాఖకు చెందిన ఒక పెద్దమనిషికి జాలరి వచ్చాడు. ఆయన తన బాధ్యతను తేలిగ్గా తీసుకోలేదు. భోజనాల బల్ల మీది తెల్ల రుమాలు తలకు చుట్టుకున్నారు, టై విప్పి జేబులో పెట్టుకున్నారు, బూట్లు కూడా విప్పమంటారా అని శిక్షకురాలిని అడిగారు, అక్కర్లేదని ఆమె అనేసరికి కొంచెం నిరాశపడ్డారు కూడా. “జాలరి సోదరా, మీ కష్టమేమిటి?” అని ఆమె ప్రశ్నించగా, ఆయన గొంతు వణికిస్తూ, “ప్రత్యామ్నాయ జీవనోపాధుల దిశగా మాకు సామర్థ్య నిర్మాణం కావాలమ్మా” అన్నారు. హాలు చప్పట్లతో మారుమోగింది. అంతలో తాబేలు లేచి, గుడ్లు పెట్టే నెలలు తప్పిస్తే మిగతా కాలంలో తన ఇసుక మీద రిసార్టు కట్టుకోవడానికి తనకేమీ అభ్యంతరం లేదని ప్రకటించింది. పర్యావరణవేత్త కాసేపు బెట్టు చేసి, మొక్కలు నాటే షరతు మీద రేవు విస్తరణకు ఒప్పుకున్నాడు. మన దేశంలో ఏళ్ల తరబడి ట్రిబ్యునళ్లలో నలిగే వివాదం అరగంటలో సమసిపోయి, అవగాహన పత్రం మీద సంతకాల దాకా వచ్చింది. తాబేలు ఏ చేత్తో సంతకం పెట్టాలన్న విషయంలో మాత్రం కొంత చర్చ జరిగింది.

హాలు చివరి వరసలో కాకినాడ దగ్గరి ఉప్పాడ నుంచి వచ్చిన ఇద్దరు మనుషులు కూర్చుని ఉన్నారు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి వేటకు వెళుతున్నవాళ్లే. సాయంత్రం నాలుగున్నరకు ‘క్షేత్రస్థాయి అనుభవాలు’ అన్న శీర్షిక కింద వాళ్లకు పది నిమిషాలు కేటాయించారు. వాళ్లలో పెద్దవాడు నా వైపు వంగి, తలకు రుమాలు చుట్టుకున్న ఆయన్ని చూపించి, “ఆయనది ఏ ఊరండీ బాబూ?” అని అడిగాడు.

నేర్పడానికి పాఠం లేక ఈ నాటకాలు వేశారని నేననను. మన తీరంలో ఇసుక ఒకచోట నిలవదు. నైరుతి గాలుల కాలంలో ఏటవాలుగా వచ్చే కెరటాలు దాన్ని ఉత్తరానికి నెడతాయి, ఈశాన్య గాలుల కాలంలో కొంత వెనక్కి తెస్తాయి. ఏడాది మొత్తానికి లెక్క చూస్తే దాని నడక ఉత్తరానికే. ఆ దారికి అడ్డంగా రాళ్లకట్ట వేస్తే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన తీరం కోసుకుపోతుంది. 1970లలో విశాఖ ఔటర్ హార్బర్‌కు కట్టలు వేసిన తరువాత, ఇసుకను డ్రెడ్జర్లతో తోడి ఆర్కే బీచ్ వైపు పోయించుకోవలసి వస్తున్నది ఇందుకే. ఎగువన గోదావరి మీద, ఉపనదుల మీద కట్టిన ఆనకట్టలు ఒండ్రును పట్టేసుకుంటే డెల్టా అంచుకు చేరవలసిన మేత తగ్గిపోతుంది. ఎక్కడో జలాశయం గేట్లు ఎత్తించే ఇంజినీరుకూ, డెల్టా కొసన గోడ బీటలు వారిన ఇంటికీ మధ్య ఇసుక అనే చుట్టరికం ఉందని గ్రహించడమే సమీకృతం అన్న మాటకు అర్థం. ఆ సంగతి అరవై నాలుగో స్లైడులో ఉంది. సమయాభావం వల్ల దాన్ని దాటవేసి, సామర్థ్య నిర్మాణపు అయిదు స్తంభాల దగ్గరికి వెళ్లిపోయారు.

ఉప్పాడవాళ్లకు దాటవేసే సౌకర్యం లేదు. గట్టి తుఫాను వచ్చినప్పుడల్లా కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు కోసుకుపోతుంది, రాళ్లు పోస్తారు, తరువాతి తుఫానుకు రాళ్లూ కదిలిపోతాయి, మళ్లీ పోస్తారు. ఇసుక నింపిన జియోట్యూబులతో, అంటే పెద్ద గొట్టాల్లాంటి బట్ట సంచులతో, గోడ కట్టారు. అదీ కెరటాలకు ఆగలేదు. కాకినాడకు ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ పెరుగుతున్న తీరు, కాకినాడ రేవు కట్టడాలు, ఇవన్నీ కలిసి ఈ కోతకు కారణమని పరిశోధకులు చెబుతూనే ఉన్నారు. ఊళ్లో ముసలివాళ్లు నీళ్ల వైపు చెయ్యి చాచి, మా వీధి అక్కడుండేది, గుడి ఇంకా అవతల ఉండేది అని చూపిస్తారు. ఏ శాఖనడిగినా తప్పు పక్క శాఖది. రేవు కట్టినవాడికి రోడ్డు సంగతి తెలియదు, రోడ్డు వేసినవాడికి ఇసుక సంగతి తెలియదు, ఇల్లు పోయినవాడికి మాత్రం ఏ దరఖాస్తు ఏ ఆఫీసులో ఇవ్వాలో, ఇంటి స్థలం ఏ జాబితాలో ఆగిపోయిందో అన్నీ తెలిసి ఉండాలి. మనుషుల వంటిళ్లు కెరటాల పాలవుతుంటే, ఏసీ గదిలో తలకు రుమాలు చుట్టుకుని వాళ్ల ఏడుపును అభినయించడానికి సిగ్గుండాలి. అది చూసి చప్పట్లు కొట్టడానికి అంతకన్నా సిగ్గుండాలి. కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

నిబంధనల మీద జరిగిన తరగతిని కూడా ప్రస్తావించకపోతే అన్యాయమవుతుంది. తీరాన ఎక్కడ ఏది కట్టవచ్చో చెప్పే 2019 సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) నోటిఫికేషన్ ప్రకారం, 2011 జనాభా లెక్కల్లో చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనం ఉన్న గ్రామీణ తీరాల్లో, కట్టడాలు నిషిద్ధమైన మేర 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గింది. ఆ యాభై మీటర్లు పోటు నీరు వచ్చి ఆగే గీత నుంచి కొలవాలి. గీత పటంలో ఆగుతుంది, ఉప్పాడలో ఆగదు. అయినా దిగులు పడనక్కర్లేదు; మనం బడిలో 974 కిలోమీటర్లని బట్టీ పట్టిన తీరాన్ని మరింత సూక్ష్మంగా కొలిచి, 1,053 కిలోమీటర్లని కేంద్రం ఇటీవల లెక్క తేల్చింది. ఊళ్లు తరిగినా తీరం పెరిగింది కాబట్టి నిర్వాహకులకు పనికి లోటు రాదు. శిక్షణ పొందినవారిలో ఒకరికి ధ్రువపత్రం చేతికందకముందే అనంతపురానికి బదిలీ ఉత్తర్వు వచ్చింది.

సాయంత్రం వందన సమర్పణ, గ్రూప్ ఫొటో కొంచెం సాగడంతో క్షేత్రస్థాయి అనుభవాలకు వేళ మించిపోయింది. వచ్చిన ఇద్దరికీ తలా ఒక సంచి, అందులో ఒక పెన్ను, ఇంగ్లీషులో ఒక పుస్తకం ఇచ్చి, బస్సు ఛార్జీల ఫారం నింపడానికి కింది అంతస్తుకు పంపారు. అక్కడి గుమాస్తా ‘హోదా’ అన్న గడి దగ్గర ఆగి, శాఖ పేరేమిటని రెండుసార్లు అడిగి, జాబితా పైనుంచి కిందికి వెతికి, చివరికి ఇద్దరికీ ‘ఇతరులు’ అని రాశాడు.