మొదట ఎత్తగలిగిన బరువే పెట్టాలి

వెయిట్‌లిఫ్టింగ్ పోటీలో ఒక్కొక్కరికి ఆరు అవకాశాలు. బరువుని నేల నుంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్‌లో మూడు, ముందు భుజాల దాకా, ఆ తర్వాత తలపైకి ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు. రెంటిలోనూ ఎత్తిన అత్యధిక బరువుల మొత్తమే లెక్క. ఎన్ని కిలోలతో మొదలుపెట్టాలో ఎవరికి వారే ముందుగా రాయించాలి. బార్ మీద బరువు పెరగడమే గానీ తగ్గడం ఉండదు. స్నాచ్‌లో మూడుసార్లూ తప్పితే మొత్తం లెక్క పడదు, పతకం ఆశ అక్కడితో సరి. అందుకే అనుభవమున్న కోచ్, ఒంట్లో బాగోని రోజున కూడా ప్రాక్టీసులో ఎత్తేసిన బరువునే మొదటి ప్రయత్నానికి రాయిస్తాడు. ఆ క్రీడాకారుడి అత్యుత్తమ బరువులో అది నూటికి తొంభై వంతుల చుట్టుపక్కల ఉంటుంది. రెండోసారి పతకం లెక్క చూసుకుంటారు. మూడోసారి మాత్రమే ఇప్పటిదాకా ఎత్తనిది అడుగుతారు.

ఉత్తరాంధ్రకి ఈ ఆట కొత్తది కాదు. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ నుంచి వెళ్ళిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో 83, 105 కలిపి 188 కిలోలు ఎత్తింది. ముందు కాంస్యం వచ్చింది, పైస్థానంలో ఉన్న క్రీడాకారిణి డోపింగ్‌లో పట్టుబడడంతో అది రజతమైంది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తింది. మొత్తం 240. ఆ తర్వాతే, స్వర్ణం కోసం 137.5 పెట్టించింది. ఎత్తలేకపోయింది. అయినా ఆ 240లోంచి ఒక్క కిలో తగ్గలేదు. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ ఆమే. స్వర్ణం, రజతం రెండూ 242.5 కిలోలకే వెళ్ళాయి. 137.5 దాకా వెళ్ళకుండా, 110కి 135 కలిపినా 245 అయ్యి వాళ్ళని దాటేది. పెద్ద ప్రయత్నంలో కూడా ఎంత అడగాలన్నది ధైర్యం ఒక్కటే తేల్చే విషయం కాదు, దాని వెనక లెక్క ఉంటుంది.

మన కాలేజీల్లో ఇప్పించే విజయసూత్రాల ప్రసంగాలన్నీ మూడో ప్రయత్నం గురించే. పెద్ద కల కనండి, వెనక్కి చూడకండి అంటారు. శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళకి కలల కొరత ఎప్పుడూ లేదు. చాలామంది దెబ్బతింటున్నది మొదటి ప్రయత్నం దగ్గర. డిగ్రీ అవ్వగానే నేరుగా గ్రూప్-1 అనో, ఎస్సై అనో పెట్టుకుంటారు. చేతిలో ఇంకేమీ ఉండదు. ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి లెక్కలో ఒక్క కిలో కూడా పడి ఉండదు.

పరీక్షల క్యాలెండర్ మన చేతిలో లేదన్న సంగతి ముందుగా ఒప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకి 2022 నవంబరులో నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ 2023 జనవరి 22న జరిగింది. తుది రాతపరీక్ష 2025 జూన్ 1న, ఫలితాలు ఆగస్టులో. టీచర్ పోస్టుల పరీక్ష డీఎస్సీ 2018 తర్వాత మళ్ళీ జరిగింది 2025లోనే. ఇప్పుడు ఇంట్లో లెక్క చూడండి. కోచింగ్‌కీ విశాఖలో హాస్టల్‌కీ నాన్న నూటికి రెండు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చాడనుకుందాం. వడ్డీ నెలకి 4,000. ప్రిలిమ్స్ నుంచి తుది పరీక్ష వరకు 28 నెలలు. వడ్డీకే 1,12,000 పోయింది, అసలు అలాగే ఉంది. కుర్రాడు తెలివైనవాడే కావచ్చు. ఆ అప్పు బరువుకి పరీక్ష హాల్లో చెయ్యి వణుకుతుంది.

కాబట్టి మొదటి ప్రయత్నం ఏడాదిలోపు జీతం తెచ్చేదై ఉండాలి. బీఎస్సీ కెమిస్ట్రీ చేసినవాడికి పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ పని, ఐటీఐ చేసినవాడికి వెల్డర్ పని, నర్సింగ్ చదివిన అమ్మాయికి ఆసుపత్రి డ్యూటీ. ఉద్యోగం చేస్తూ చదువు సాగదన్న మాట సగమే నిజం. షిఫ్టు పోగా రోజుకి మూడు గంటలు, ఆరు రోజులకి 18. ఆదివారం ఆరు గంటలు. వారానికి 24, ఏడాదిలో యాభై వారాలు వేసుకుంటే 1,200 గంటలు. పొద్దున్నుంచి రాత్రి దాకా రీడింగ్ రూములో కూర్చున్నవాళ్ళు ఫోన్‌నీ కబుర్లనీ తీసేసి నికరంగా చదివిన గంటలు ఒక వారం పాటు రాసుకుని చూస్తే, ఈ అంకెతో పోల్చుకోవచ్చు.

రెండో ప్రయత్నం ఒకసారి సాధిస్తే పోకుండా నిలిచేది కావాలి. టీచర్ అర్హత పరీక్ష టెట్ అలాంటిదే. సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది, డీఎస్సీలో దానికి 20 శాతం వెయిటేజీ ఉంది. మూడోది మీ ఇష్టం, గ్రూప్-1 పెట్టుకోండి, సివిల్స్ పెట్టుకోండి. దానికి మాత్రం ఒక తేదీ రాసుకోవాలి. ఎన్నిసార్లు రాస్తాను, ఏ వయసు దాకా అన్నది మొదలుపెట్టిన రోజే తేల్చుకోవాలి. ఫలితాలొచ్చిన రాత్రి, రెండు మార్కుల్లో పోయిందన్న బాధలో తీసుకునే నిర్ణయం ఎప్పుడూ 'ఇంకొక్కసారి' అనే ఉంటుంది.

ఇక సాధన. ఆర్మీకీ పోలీసుకీ ప్రయత్నించేవాళ్ళు మన రెండు జిల్లాల్లో ఊరూరా ఉన్నారు. కానిస్టేబుల్ పరీక్షలో 1600 మీటర్లకి మగవాళ్ళకి 8 నిమిషాలు, ఆడవాళ్ళకి 10 నిమిషాల 30 సెకన్లు. ఆర్మీ ర్యాలీలో అదే దూరం 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తే 60 మార్కులు. పుల్-అప్స్ పది తీస్తే 40, ఆరే తీస్తే 16. ఐదున్నర నిమిషాలంటే 400 మీటర్ల చుట్టుకి సుమారు 82 సెకన్లు. ఓడిపోయేవాళ్ళలో ఎక్కువమంది మొదటి చుట్టు 70 సెకన్లలో కొట్టేస్తారు. గుంపుతో పాటు దూకడమే కారణం. మూడో చుట్టుకి కాళ్ళు బరువెక్కి చుట్టుకి 95 దాటిపోతుంది. వాచీ పెట్టుకుని ప్రతి చుట్టూ ఒకే టైముకి రావడం విడిగా నేర్చుకోవలసిన విద్య.

రెండో తప్పు, నోటిఫికేషన్ వచ్చిన మర్నాటి నుంచే తారు రోడ్డు మీద పది కిలోమీటర్లు పరుగెత్తడం. రెండు మూడు వారాలకి మోకాలి కింద ముందు ఎముక నొప్పి మొదలవుతుంది. మాత్ర వేసుకుని మళ్ళీ పరుగెడితే ఎముక సన్నగా చిట్లే ప్రమాదం ఉంది, ఆ నోటిఫికేషన్ అక్కడితో పోయినట్టే. పన్నెండు వారాలు ముందుగా మొదలెట్టి, మట్టి నేల మీద వారానికి మూడు రోజులు పరుగెత్తితే చాలు. ఒక రోజు మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత నెమ్మదిగా ఐదు కిలోమీటర్లు. ఒక రోజు 400 మీటర్లు ఆరుసార్లు, కావలసిన టైము కన్నా రెండు మూడు సెకన్లు ముందుగా, మధ్యలో రెండేసి నిమిషాల నడక. ఒక రోజు 1200 మీటర్లు పరీక్ష వేగంతో. వారం మొత్తం దూరం మీద నూటికి పది వంతులకి మించి పెంచకూడదు. పుల్-అప్ ఒక్కటీ రానివాళ్ళు స్టూలెక్కి గడ్డం కడ్డీ పైకి పెట్టి, ఐదు సెకన్లు లెక్కపెడుతూ కిందికి దిగాలి. ఐదేసి చొప్పున నాలుగు విడతలు, రోజు విడిచి రోజు.

రాతపరీక్షకి కూడా ఇలాంటి కొలతే కావాలి. గ్రూప్-2 ప్రిలిమ్స్‌లో 150 ప్రశ్నలకి 150 నిమిషాలు, తప్పుకి మూడో వంతు మార్కు కోత. తెలియని ప్రశ్నలు 36 మిగిలాయనుకోండి. నాలుగు జవాబుల్లో గుడ్డిగా పెట్టుకుంటూ పోతే సగటున 9 ఒప్పు, 27 తప్పు, మిగిలేది సున్నా. ఒక జవాబుని కచ్చితంగా కొట్టేయగలిగితే 12 ఒప్పు, 24 తప్పు, 4 మార్కులు మిగులుతాయి. రెండు కొట్టేస్తే 12 మార్కులు. 'పెట్టేద్దామా, వదిలేద్దామా' అన్న ప్రశ్నకి ధైర్యంతో పనిలేదు. మాక్ టెస్ట్ రాసిన ప్రతిసారీ తప్పుల్ని మూడు గళ్ళలో రాయాలి: తెలియక తప్పినవి, తెలిసీ తొందరలో తప్పినవి, టైం చాలక వదిలేసినవి. మొదటి గడిలోవి మర్నాడు, వారానికి, నెలకి మళ్ళీ చూడాలి. రెండో గడి నిండుతుంటే కొత్త పుస్తకం కొనడం దండగ. ప్రశ్న చివర 'కానిది ఏది' అని ఉందా, 'అయినది ఏది' అని ఉందా అన్నది గీత గీసి చదివే అలవాటు చేసుకోవాలి.

ముందు జీతం, తర్వాత కల అంటే మనిషి చిన్న బతుకుతో సరిపెట్టుకోడా అని అడగొచ్చు. గిడుగు రామమూర్తి జీవితం చూడండి. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టారు. తండ్రి పోయాక ఇల్లు నడపడానికి 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. ఆ జీతం మీద బతుకుతూనే, తెలుగొచ్చిన ఒక సవర గిరిజనుణ్ణి ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకున్నారు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. వ్యావహారిక భాషా ఉద్యమం ఈ మధ్యలోనే నడిచింది. అర్ధ శతాబ్దం సాగే పనిని అప్పు మీద చెయ్యలేం.

అమ్మాయిల సంగతి ఇంకా కష్టం. గడువు పెట్టేది వాళ్ళు కాదు, ఇంట్లోవాళ్ళు. "ఇంకా ఏటి సదువుతాది?" అన్న మాట ఒక పెళ్ళిలో పదిమంది అంటే, ఇంటికొచ్చి తల్లిదండ్రులు మనసు మార్చుకుంటారు. వాళ్ళతో వాదించడం కన్నా మూడు ప్రయత్నాల కాగితం ముందు పెట్టడం మేలు: ఈ ఏడాది ఈ ఉద్యోగం, వచ్చే ఏడాది టెట్, ఫలానా నెల దాకా డీఎస్సీ, అయ్యే ఖర్చు ఇంత. మొదటి జీతం ఇంటికొచ్చాక ఆ గడువు పొడిగించమని అడగడం తేలిక.

దీనికి ఊరు చెయ్యగలిగిన పని కూడా ఉంది. హైస్కూలు మైదానంలో టేపు పట్టుకుని 60 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పుతో సున్నం గీస్తే చుట్టు 200 మీటర్లు, ఎనిమిది చుట్లకి 1600. మలుపుల్లో పరుగు దెబ్బతినకుండా మూలలు గుండ్రం చేస్తే చుట్టు కాస్త తగ్గుతుంది, మళ్ళీ కొలిచి సరిచెయ్యాలి. ఎనిమిదడుగుల ఎత్తులో రెండు స్తంభాల మధ్య పిడికిట్లో ఇమిడే ఇనుప గొట్టం బిగించాలి. గ్రంథాలయం శాఖ ఉన్న ఊళ్ళో ఉద్యోగాలు చేసి వచ్చేవాళ్ళ కోసం సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా తలుపు తీసి ఉంచితే, లైట్ల బిల్లు పంచాయతీ భరించవచ్చు. వానలు పోయి నేల గట్టిపడే కార్తీక మాసం ఈ గీతలు గియ్యడానికి మంచి అదను.