లాఠీ దించి సుద్దముక్క పట్టినవారికి

పోలీసు శాఖలో పాతికేళ్లు పనిచేసి, ఇక యూనివర్సిటీలో క్రిమినల్ జస్టిస్ పాఠాలు చెప్పుకుందామని బయల్దేరిన అధికారులకు ముందస్తు సానుభూతి తెలపడం మా విధి. ఇన్నాళ్లూ నేరస్థుల్ని చూశారు. ఇప్పుడు రీసెర్చ్ మెథడాలజీని చూస్తారు.

మీ అనుభవం ఇక్కడ అనుభవం కాదు, 'వ్యక్తిగత ఉదంతం'. మీరు తెల్లవార్లూ కాపలా కాసిన హత్యాస్థలం గురించి ఒక పరిశోధక విద్యార్థి పట్టికలో గడి నింపితే మాత్రం అది డేటా. కత్తి దూసినవాణ్ని మాటలతో కూర్చోబెట్టిన సంగతి రాశారనుకోండి, పక్కనే ఎర్రగా 'ఆధారం?' అని పడుతుంది. 'నేనే అక్కడున్నాను' అంటే చెల్లదు. 'నేనక్కడ లేనే లేను సార్' అన్న మాట మీ దగ్గర ఎన్నడైనా చెల్లిందా?

వ్యాసం పరిశోధన పత్రికకు పంపితే, పేరు చెప్పని తోటి పండితులు తీర్పిస్తారు. స్టేషన్‌లో ఆకాశరామన్న ఉత్తరాన్ని పక్కన పడేసే వీలుండేది. ఇక్కడ జడ్జి కూడా ఆకాశరామన్నే. తనమీద ఆరోపణ చేసిందెవరో తెలుసుకునే హక్కు నిందితుడికి ఉండాలని ఆ పూటే క్లాసులో చెప్పి వచ్చి ఉంటారు పాపం.

అసలు శిక్ష అమెరికాలోని కాన్సస్ సిటీ పాఠం. గస్తీతో నేరాలు తగ్గుతాయా అని తేల్చడానికి 1972-73లో అక్కడ 15 బీట్లను, అంటే పోలీసులు గస్తీ తిరిగే ప్రాంతాలను, మూడు వాటాలు చేశారు. అయిదింట్లో మామూలు గస్తీ ఎత్తేసి, ఫోనొస్తేనే వెళ్లారు. అయిదింట్లో ఎప్పటిలాగే తిరిగారు. మిగతా అయిదింట్లో రెండు మూడు రెట్లు తిరిగారు. నేరాల్లో గానీ, జనం భయంలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రాత్రిళ్లు నిద్రమానుకుని బీటు తిరిగిన మనిషి, మొహంలో ఏమీ కనబడనీయకుండా దీన్ని బోర్డు మీద గీసి చూపాలి. వెనకబెంచీ నుంచి ప్రశ్న వస్తుంది: "అయితే అన్నేళ్లు మీరేం చేసినట్టు సార్?" సిలబస్‌లో దీనికి జవాబు లేదు.

కాలేజీ డిగ్రీ లేని ఆగస్ట్ వోల్మర్, అమెరికాలోని బర్క్‌లీ ఊరి పోలీసు చీఫ్, 1931లో అదే ఊళ్లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ప్రొఫెసరయ్యాడు. ఇవాళైతే దరఖాస్తులో 'పీహెచ్‌డీ' గడి దగ్గరే ఆగిపోయేవాడు.

ఆయన శిష్యుడు ఓ.డబ్ల్యూ. విల్సన్ అక్కడే క్రిమినాలజీ డీన్‌గా పనిచేశాడు. 1960లో షికాగో పోలీసులే దొంగతనాల కేసులో దొరికిపోతే, కొత్త అధిపతిని వెతికే కమిటీకి ఆయన్ని అధ్యక్షుణ్ని చేశారు. కమిటీ దేశమంతా గాలించి ఆయన్నే ఎంపిక చేసింది. శాఖ అంతగా పరువు పోగొట్టుకుని ఉన్నా ఆయన వెళ్లాడు. ఫ్యాకల్టీ మీటింగుల్లో కూర్చున్న అనుభవం ఉన్నవాళ్లెవరూ ఇందుకు ఆశ్చర్యపోరు.